గోడమీద బొమ్మ, మూలన సంతకం

సినిమాల మీద దళిత విమర్శ ఇప్పటికి చాలానే వచ్చింది. కథలో కులం ఎక్కడ దాక్కున్నది, హీరోకు ఇంటిపేరు ఎందుకుండదు, విలన్ నోట్లో తెలంగాణ యాస ఎవరు పెట్టారు, ఎవరి బతుకును తెచ్చి కమెడియన్‌గా నవ్వించారు అని అడుగుతూ వచ్చాం. పోస్టర్‌ను మాత్రం వదిలేశాం. టికెట్ కొనగలిగినవాడూ కొనలేనివాడూ ఒకే తీరుగా చూసేది పోస్టరే. మా బస్తీల ముసలివాళ్లు, ఆడవాళ్లు చాలామంది సినిమాలను టాకీసులో కన్నా గోడమీదనే ఎక్కువ చూసిండ్రు. ఆ బొమ్మ ఎవరు వేశారు, ఆ పనిలోకి ఎవరు ఏ దారిన పోగలిగారు అనే ప్రశ్నలు మన సౌందర్యశాస్త్ర చర్చల్లోకి రాకుండా బయటనే నిలబడి ఉన్నాయి.

ఇది రాయడానికి కారణం ఒక పిల్లగాడు. జ్యోతినగర్ అంటే రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్ అని అందరికీ తెలుసు. 1983లో మొదటి యూనిట్ మొదలైన కరెంటు కేంద్రం కోసం కట్టిన కాలనీ అది. కాలనీ లోపల క్వార్టర్లు, చెట్లు, బడి. గేటు బయట కాంట్రాక్టు కూలీల ఇండ్లు. పిల్లగాడిది బయటి ఇల్లు. తండ్రి బూడిద ఎత్తే పనిలో కాంట్రాక్టు కూలి. పిల్లగాడు డిగ్రీ అయిపోయి ఫ్లెక్సీ షాపులో చేస్తున్నడు. ‘అన్నా, సినిమా పోస్టర్ల డిజైనర్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలె’ అని అడిగిండు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నోనికి అన్నీ తెలుసని అతని నమ్మకం. నాకు జవాబు దొరకలేదు. దొరకకపోవడం నా ఒక్కని అజ్ఞానమేనా, దానికొక చరిత్ర ఉన్నదా అని వెతికితే తేలిన సంగతులే ఇవి.

అందరూ చెప్పే జవాబు ఒకటుంది: టాలెంట్ ఉంటే చాలు. తెలుగు పోస్టర్ చరిత్రలో ఈ మాటకు సాక్ష్యంగా ఎప్పుడూ చూపించే పేరు ఈశ్వర్. పాలకొల్లులో పుట్టి మద్రాసు పోయి, అప్పటికే పబ్లిసిటీ రంగంలో పేరున్న కేతా దగ్గర పని నేర్చుకుని, 1967లో బాపు తీసిన ‘సాక్షి’తో సొంతంగా నిలబడ్డ మనిషి. తర్వాతి మూడు దశాబ్దాల్లో పెద్ద కంపెనీల సినిమాలకు లెక్కలేనన్ని పోస్టర్లు చేశారు. ‘సినిమా పోస్టర్’ అని పుస్తకమూ రాశారు. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. 2021లో చనిపోయారు. ఆయన చేయి గొప్పది, అందులో నాకు తగువు లేదు. బ్రష్షు ఒక్క గుంజు గుంజితే టైటిల్ అక్షరానికి ప్రాణం వచ్చేది. కానీ ఈ కథను చెప్పేవాళ్లు టాలెంట్ దగ్గర ఆగిపోతారు. టాలెంట్‌కు ముందు మూడు మెట్లున్నాయి: మద్రాసులో ఉండటానికి ఒక చోటు, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే గురువు, నమ్మి మొదటి సినిమా చేతిలో పెట్టే దర్శకుడు. బాపుదీ పశ్చిమ గోదావరే. పాలకొల్లు నుంచి మద్రాసుకు అప్పటికే బాట పడి ఉన్నది. దాసరి, అల్లు రామలింగయ్య కూడా ఆ ఊరివాళ్లే కదా.

మా రామగుండం స్టేషన్ మీదుగా కూడా మద్రాసుకు రైలు పోయేది. ఢిల్లీ నుంచి వచ్చే రైళ్లు బల్లార్షా దాటి ఇక్కడినుంచే కాజీపేట దిక్కు పోతాయి. పట్టాలు ఉన్నంత మాత్రాన బాట ఉన్నట్టు కాదు. గోదావరిఖని గనుల నుంచి ఆ రైల్లో బొగ్గు పోయింది, కూలి కోసం మనుషులు పోయిండ్రు, పబ్లిసిటీ ఆఫీసులో బ్రష్షు కడగడానికి మా వాళ్లొకరు పోయిన కథ మాత్రం నేను ఎక్కడా వినలేదు. అక్కడ దిగినంక ‘ఎవరి పిల్లగానివి’ అని అడిగితే చెప్పుకోవడానికి ఒక పేరు కావాలె.

అట్లాగని మా దగ్గర బొమ్మలు వేసే చేతులు లేవనుకుంటే పొరపాటు. సినిమా పోస్టర్ పనిలో మద్రాసు ఆఫీసు పై అంతస్తు మాత్రమే. అక్కడ డిజైనర్ స్టిల్ ఫొటోలు ముందరేసుకుని, ముఖాలు కోసి అతికించి, రంగులద్ది, టైటిల్ రాసి ఒక డిజైన్ తయారుచేస్తాడు. మూలన సంతకం పెడతాడు. అది మద్రాసు, శివకాశి ప్రెస్సుల్లో అచ్చై బస్తాల్లో ఊళ్లకు వస్తుంది. ఊళ్లో టాకీసు పెయింటర్ ఆ చిన్న కాయితం మీద పెన్సిల్‌తో గళ్లు కొట్టి, అవే గళ్లను పెద్ద గుడ్డమీద పదింతలు కొట్టి, గడి తర్వాత గడి నింపుకుంటూ హీరోను ఇరవై అడుగులు లేపుతాడు. అర్ధరాత్రి సైకిల్ మీద నిచ్చెన కట్టుకుని, డబ్బాలో మైదా లై కలుపుకుని, తెల్లారేసరికి ఊరంతా అంటించేవాడు ఇంకొకడు. సంతకం మొదటివాడిది. రెండోవాడి బ్యానర్ మీద సంతకం ఉంటే గింటే శుక్రవారం నుంచి శుక్రవారం దాక. తర్వాత ఆ గుడ్డకే సున్నం కొట్టి కొత్త బొమ్మ వేస్తారు. మూడోవాడికి సంతకం అన్న మాటే లేదు. కోడి కూయకముందు ఊరు తిరిగేవాడి పని కులవృత్తుల్లో ఏ మెట్టు మీద ఉంటదో మనకు కొత్తగా చెప్పనక్కర లేదు.

కళ, పని అని విడదీసే గీత ఇక్కడే పడుతుంది. గళ్లు కొట్టి పదింతలు పెంచేటప్పుడు ముక్కు వంకర పోకుండా చూసుకునే తెలివిని ‘కాపీ’ అంటారు. హాలీవుడ్ పోస్టర్ చూసి ఆ అమరికను తెలుగులోకి తెస్తే ‘ప్రభావం’ అంటారు.

బొగ్గుబాయిల ప్రాంతంలో ఈ చేతులు ఎక్కడ తయారైనయో చూడాలె. 1960ల్లో గోదావరిఖని చుట్టూ గనులు తెరిచినంక ఊళ్లనుంచి వచ్చి తట్టా చెమ్మస్ పట్టినవాళ్లలో మాల మాదిగలు ఎందరో. ఈ కాలనీల్లో గోడ ఎప్పుడూ ఖాళీగా లేదు. యూనియన్ ఎన్నికలు, సమ్మె పిలుపులు, కంపెనీ భద్రతా నినాదాలు, విప్లవ సంఘాల రాతలు, పోలీసులు వాటిమీద కొట్టిన సున్నం, మళ్లీ దానిమీద రాతలు. జాజుతో, నీలిమందుతో, దారానికి సుద్ద రాసి గీత కొట్టుకుని అక్షరం నిలబెట్టడం మా వాళ్లకు అక్కడ వచ్చింది. మా చిన్నాయన బాయిల మొదటి షిఫ్టు దిగి వచ్చి సాయంత్రం గోడలు రాసేటోడు. ఏ జెండా వాళ్లు పిలిస్తే వాళ్లకు రాసిండు. అక్షరం లోపల ఎంత జాగా వదలాలె, దూరంనుంచి లారీ డ్రైవర్‌కు ఎట్ల కనపడాలె అని ఆయనకు తెలిసినంత ఏ ఫైన్ ఆర్ట్స్ పుస్తకంలోనూ నేను చదవలేదు. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత బస్తీ బస్తీకి అంబేద్కర్ బొమ్మ వచ్చింది. నీలం కోటు, కళ్లద్దాలు, చేతిల పుస్తకం. ఈ ప్రాంతపు పెయింటర్లలో చాలామంది మొట్టమొదట గౌరవంతో గీసిన ముఖం ఆయనదే. కళ్లద్దాల వెనక చూపు తప్పిపోకుండా వేయగలిగితే ‘ఇగ నీకు చెయ్యి కుదిరింది’ అనేటోళ్లు.

అంటే బడి ఉన్నది, చదువు ఉన్నది, సర్టిఫికెట్ లేదు. వీళ్లను ఊరు పిలిచే తీరు కూడా గమనించాలె. ‘పెయింటర్ ఫలానా’, ‘ఆర్టిస్ట్ ఫలానా’. కొల్హాపూర్‌లో నాటక కంపెనీల తెరలు రాసి సినిమాకు వచ్చిన బాబూరావుకు కూడా ‘పెయింటర్’ ఇంటిపేరైపోయింది. 1924లో ఆయన తీసిన ‘కల్యాణ్ ఖజానా’ పోస్టర్ మన దేశంలో మిగిలిన తొలినాటి పోస్టర్లలో ఒకటి. ఎం.ఎఫ్. హుస్సేన్ 1930ల్లో బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి బతికినవాడే. తర్వాత ఆయన సంతకం కోట్లు పలికింది. నిచ్చెన దిగి గ్యాలరీలోకి పోగలిగినవాళ్లు ఇట్లా ఒకరిద్దరు. వీళ్లను చూపించి మిగతావాళ్లకు టాలెంట్ లేదని చెప్పడం ఎంత సులువో చూడండి.

ఈ గోడ బడి 2000ల్లో మూతపడింది. ఫ్లెక్సీ మిషన్ వచ్చినంక బ్యానర్ పెయింటర్లు రెండుమూడేండ్లలో ఖాళీ అయిండ్రు. అదే కాలంలో బాయిల్లో మిషన్లు దిగి, గోల్డెన్ హ్యాండ్‌షేక్ పేరు మీద మనుషులను ఇంటికి పంపడం నడిచింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చింది. ఇటు ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతబడి రెండు దశాబ్దాలు అట్లనే నిలబడింది. చేతిపని మీద బతికిన రెండు తరాలు ఒకేసారి రోడ్డు మీద పడ్డ కాలం అది. బ్యానర్ పెయింటర్ల సంగతి ఏ యూనియన్ డిమాండ్ల పట్టీలోనూ నాకు కనపడలేదు.

ఫ్లెక్సీతో కొత్త తలుపు తెరుచుకున్నదని అంటారు. కంప్యూటర్‌కు కులం లేదు, ఫొటోషాప్ నేర్చుకుంటే ఎవడైనా డిజైనరే అని. సగం నిజం. మన పిల్లలు వందలమంది ఫ్లెక్సీ షాపుల్లో కూర్చున్నారు. అయితే వాళ్లు అక్కడ నేర్చుకుంటున్నదేమిటి? మన కుర్రాడు చేసిన ఫ్లెక్సీలు చూశాను. ఏప్రిల్ 14కు అంబేద్కర్ పెద్దగా మధ్యన. పై వరసలో పార్టీ నాయకులు. కింద చందా ఇచ్చినవాళ్ల ఫొటోలు, ఇచ్చిన రూపాయలను బట్టి సైజు. ఎక్కువ ఇచ్చినాయన బొమ్మ అంబేద్కర్ భుజం దాకా వస్తుంది. ఒకసారి ఒక లీడర్ తన ముఖం పక్కవాని ముఖం కన్నా అంగుళం చిన్నగైందని రాత్రి పదకొండింటికి వచ్చి మళ్లీ ప్రింటు తీయించిండట. సినిమా పోస్టర్ వ్యాకరణం అచ్చంగా ఇదే. హీరో ముఖం ఎంత, హీరోయిన్ ఎక్కడ, నిర్మాత పేరు టైటిల్‌కు పైనా కిందా అన్న లెక్క తప్పితే గొడవలైపోతాయి. ముఖాల అంతస్తులు కొలవడంలో మన పిల్లలు కృష్ణానగర్ పోకముందే ఆరితేరిండ్రు. దీన్ని పనితనం అనుకోవాలా, మన మెదడులోకి ఎక్కిన మెట్ల వ్యవస్థ అనుకోవాలా? రెండూ అనే నేను అనుకుంటాను.

ఇంకో సంగతి. ఫ్లెక్సీకి ధర చదరపు అడుగుల లెక్క. డిజైన్‌కు వేరే ధర లేదు, అడుగుల్లో కలిసిపోతుంది. అంటే గుడ్డకు, సిరాకు విలువ ఉన్నది, ఆలోచనకు లేదు. ఇక ఆ కంప్యూటర్లో తెలుగు అక్షరాలకు పేర్లు పెద్దన, తిమ్మన, ధూర్జటి. అక్షరానికి కూడా వంశం చూసి పేరు పెట్టాల్నా అని నవ్వొస్తది.

ఇప్పుడు ‘దసరా’ దగ్గరికి వద్దాం. మన పిల్లగాడికి ఈ పని మీద ఆశ పుట్టించిన పోస్టర్ అదే. 2023 మార్చి 30న విడుదలైన ఈ సినిమా సింగరేణి బొగ్గు గనుల పక్కన వీర్లపల్లి అనే ఊరి కథ. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల ఈ ప్రాంతం నుంచే వచ్చిన మనిషి. బొగ్గు రంగు, దుమ్ము రంగు అన్ని భాషల గోడలమీదికి ఎక్కడం మా వాళ్లకు సంతోషమే, నాకూ సంతోషమే. పల్లె అంటే కొబ్బరిచెట్లూ పచ్చటి పొలమే అని నేర్పిన పోస్టర్ల తర్వాత ఈ నలుపు కొత్త.

అయితే ఎవరి నలుపు? బాయినుంచి షిఫ్టు దిగి వచ్చేవాళ్లను చూసినవాళ్లకు తెలుసు, అప్పుడు ఒక ముఖానికీ ఇంకో ముఖానికీ తేడా ఉండదు. కండ్లు, పండ్లు తప్ప ఏమీ కనపడవు. పెండ్లాం కూడా గొంతు విని గుర్తుపట్టాలె. బొగ్గు ముఖాన్ని చెరిపేస్తది. పోస్టర్‌లో బొగ్గు ఆ పని చేయదు. వెలుతురు పడేచోట పలచబడుతుంది, స్టార్ ముక్కూ చెంపా స్పష్టంగా తేలేట్టు జాగ్రత్తగా పూసిన మసి అది. ‘పుష్ప’ (2021) పోస్టర్‌లో అల్లు అర్జున్‌ను నలుపు చేసిందీ ఈ పద్ధతిలోనే. కడిగితే పోయే నలుపు హీరోకు, కడిగినా పోని నలుపు జూనియర్ ఆర్టిస్టుకు. ‘జై భీమ్’ (2021) పోస్టర్ ఇంకో తరహా. మసి పూయలేదు, కానీ లాకప్‌లో దెబ్బలు తిన్న ఇరుళర్ల కథకు ముందు వరుసలో నిలబడ్డ పెద్ద ముఖం లాయర్‌ది.

‘దసరా’ పోస్టర్లలో ఒకదానిలో నాని వెనక సిల్క్ స్మిత పెద్ద బొమ్మ ఉంటుంది. కథలో సిల్క్ బార్ ఉన్నది, ఆ బార్ గడపలోపలికి కింది కులాలవాళ్లు అడుగుపెట్టకూడదన్న కట్టుబాటు ఉన్నది. సినిమాలో జరిగే గొడవల మొదలు అక్కడుంది. పోస్టర్ సిల్క్‌ను తీసుకున్నది, సీసాను తీసుకున్నది, గడప దగ్గరి గీతను మాత్రం తీసుకోలేదు. సినిమా కూడా ఆ గీత గురించి కొంత మాట్లాడి హీరో కులం పేరు పలకకుండా దాటేసింది, అది వేరే వ్యాసం. శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’ (2021)లో హీరో దళితుడని సినిమా చెప్తది, పోస్టర్ చెప్పదు. పోస్టర్ పని దాచడమే అనిపిస్తది ఒక్కోసారి. కులాన్ని లోపల పెట్టుకుని, బయట దానికి సున్నం కొట్టడం.

ఆ సిల్క్ బొమ్మ గురించి ఇంకొక్క మాట. ఏలూరు పక్కన కొవ్వలిలో పుట్టి, 1996లో చనిపోయిన ఆ మనిషి శరీరంతో ఎన్ని పోస్టర్లు అమ్ముడుపోయాయో లెక్కలేదు. ఇప్పుడు గోడమీద ఆమె బొమ్మ అలంకారంగా తిరిగి వచ్చింది. ఆ అలంకారం ఎవరి శైలి? పాత గోడ పెయింటర్లది. మా చిన్నాయన లాంటివాళ్లు కొట్టిన గళ్లది, కూసిన అంచులది. బతికున్నప్పుడు ‘కాపీ’ అనిపించుకున్న చేయి, పని పోయినంక ‘పాతకాలపు అందం’ అయింది.

పిల్లగాడు ఆ పోస్టర్‌ను మళ్లీ చేశాడు. హీరో ఉన్నచోట షిఫ్టు దిగి బూడిదతో వచ్చిన తండ్రి ఫొటో పెట్టాడు. బొగ్గు నలుపు బదులు బూడిద తెలుపు. కండ్ల చుట్టూ చెమట కారి రెండు గీతలు. టైటిల్ ఫాంట్‌తో కాకుండా చేత్తో రాసి స్కాన్ చేసిండు. చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయిన. తండ్రికి చూపిస్తే ‘నా మొకం చూడనీకి టికెట్ ఎవడు కొంటడ్రా’ అన్నడట. మూలన చూస్తే షాపు పేరుతో ‘గ్రాఫిక్స్’ అని ఉన్నది. నీ పేరేదని అడిగిన. ‘పేరు పెడితే ఇంటిపేరు అడుగుతరన్నా’ అన్నడు.

అతనికి నేను చివరికి చెప్పిందేమిటంటే, తలుపులు రెండున్నయి, రెండింటికీ సుంకం ఉన్నది. ఒకటి చదువు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అప్లైడ్ ఆర్ట్ డిగ్రీ ఈ పనికి నేరుగా పనికొచ్చే చదువు. రిజర్వేషన్ ఉన్నది. కానీ గీసి, రంగులు వేసి ప్రవేశ పరీక్ష రాయాలె. మన సర్కారు బడుల్లో డ్రాయింగ్ సార్ పోస్టు ఎన్నేండ్లు ఖాళీగా ఉంటదో ఉపాధ్యాయ మిత్రులకు తెలుసు. పరీక్షకు కోచింగ్ తీసుకున్న పట్నం పిల్లలతో కూర్చోవాలె. అయినా పోవాలనే నా మాట. తమిళంలో పా. రంజిత్ చెన్నై సర్కారు ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివినవాడు. ‘కాలా’ (2018)లో నలుపూ నీలమూ అంత తెలిసి వాడటానికి ఆ చదువు కూడా ఒక కారణమనుకుంటాను. ఆయన చుట్టూ ఒక గుంపు తయారైంది. మన దగ్గర అట్లాంటి గుంపు ఇంకా లేదు, ‘పలాస 1978’ (2020) లాంటివి ఒంటరిగా వచ్చి పోతున్నయి.

రెండోది స్టూడియో దారి. కృష్ణానగర్‌లో నలుగురితో గది, ఏదో డిజైన్ ఆఫీసులో అసిస్టెంట్. మొదటి ఏడాది ఫొటోల్లో వెంట్రుక వెంట్రుక కత్తిరించి వెనకటి బొమ్మ తీసేయడమే పని. ఫస్ట్ లుక్ కోసం పదుల డిజైన్లు పోతాయి, ఒకటి నిలుస్తుంది, నిలిచినదానికి పేరు ఆఫీసుది. దానికన్నా ముందు ఊరకే చేయాల్సిన చాకిరి ఉన్నది. హీరోల పుట్టినరోజులకు అభిమానుల పేరుమీద ‘కామన్ డీపీ’లు చేయడం, సొంత పోస్టర్లు చేసి పెట్టి ఎవరైనా గుర్తిస్తారని చూడటం. దీన్ని వెట్టి అంటే కోపం వస్తది గానీ, జీతం లేకుండా ఏడాది పనిచేయగలిగినవాడు ఎవడు? గది కిరాయి ఇంటినుంచి వచ్చేవాడు. పాత మద్రాసు మెట్టే ఇక్కడ కొత్త రంగు వేసుకుని కూర్చున్నది.

చేత్తో తెలుగు అక్షరం రాసే పని వదలొద్దన్న. టైటిల్ లోగోకు ఫాంట్ సరిపోదు, ఇప్పటికీ గీసేవాళ్లు కావాలె, గీసేవాళ్లు తక్కువైండ్రు. చేసిన ప్రతి పని అసలు ఫైలు లేయర్లతో సహా తన దగ్గర ఉంచుకొమ్మన్న. డబ్బులివ్వకపోయినా పేరు రాయమని అడగాలన్న. ఇది చిన్న కోరిక అనిపించొచ్చు. జాతీయ సినిమా అవార్డుల్లో పాటకు, మేకప్‌కు విభాగాలున్నయి, పోస్టర్‌కు లేదు. పై అంతస్తు డిజైనర్‌కే లేని గుర్తింపును మన పిల్లలు అడగాల్సి వస్తున్నది. అడిగితే పని పోతదేమో అని అతను అన్నడు. పోవచ్చు, నేను అబద్ధం చెప్పలేదు. వచ్చే ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెడతనన్నడు. పొద్దంతా షాపు, రాత్రి తండ్రి చేతులు గీస్తున్నడు, చేతులు గీయడమే కష్టమట.

గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం, ఇల్లందు టాకీసులకు బ్యానర్లు రాసినవాళ్ల పేర్లు నేను పోగు చేస్తున్న. ఇప్పటికి పదకొండు దొరికినయి. వాటిలో ఆరింటికి ‘పెయింటర్’ తప్ప ఇంటిపేరు చెప్పగలిగినవాళ్లు లేరు. ఇద్దరు బతికున్నరు, ఒకాయన వాచ్‌మన్‌గా ఉన్నడు, ఒకాయనకు చూపు పోయింది. ఫొటోలు ఎవరి దగ్గరా లేవు. పెండ్లి ఆల్బముల్లో, ఊరేగింపు ఫొటోల్లో వెనక ఎక్కడైనా ఒక బ్యానర్ ముక్క కనపడితే చదివినవాళ్లు దయచేసి దాచిపెట్టి తెలియజేయాలె.